చెరువు శిఖంలో రెండు రోజులు

సెలవు దొరికితే పక్షులను చూడడానికి కొండమీది ఊరికే పోవలెనని చాలామంది అనుకుంటారు. మంచు కమ్మిన ఉదయం, మెడలో దుర్భిణి, దారి పక్కన కాఫీ దుకాణం, ఇవి కలిసిన చోటనే పక్షి పరిశీలన సాగుతుందని ఒక భావం వ్యాపించి ఉన్నది. తెలుగువారికి అటువంటి చోటు లేకపోలేదు. తూర్పు కనుమలలోని అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ సిల్వర్ ఓక్ మొదలైన పెద్ద చెట్ల నీడన కాఫీ పెంచుతారు. ఆ చెట్ల మానులకు మిరియపు తీగెలు పాకిస్తారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. నీడచెట్లు ఉన్నచోట పురుగులు ఉంటవి. పురుగులు ఉన్నచోటికి పక్షులు వస్తవి.

ఇది చూపరులకు వేడుక మాత్రమే కాదు, రైతుకు లాభం కూడా. కాఫీ గింజను తొలిచి పాడుచేసే చిన్న పెంకుపురుగు ఒకటి ఉన్నది. కోస్టారికా దేశపు తోటలలో శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కలపై వలలు కప్పి పక్షులను రానీయకుండా చేసి, మిగిలిన వాటిని యథాతథంగా వదలి, రెండింటినీ పోల్చి చూచినారు. 2013లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, పక్షులు స్వేచ్ఛగా తిరిగిన మొక్కలకు పురుగు బెడద సుమారు సగానికి తగ్గినది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల విద్యార్థికి అరకు దూరం. అయితే కాఫీతోటలో ఆ చిన్న పక్షులు చేసే పనిని ఇక్కడి వరిమడిలో కొంగలు చేస్తున్నవి. కాఫీతోట లేకపోయినా చెరువు లేని ఊరు దాదాపు లేదు. 2016 అక్టోబరులో ఏర్పడిన ఈ మూడు జిల్లాలూ చాలావరకు పాత వరంగల్లు జిల్లా భాగాలే. కాకతీయులనాటి నుంచి చెరువుల మీద బ్రతికిన సీమ ఇది. కట్ట దిగితే ఏదో ఒక చాయ్ హోటలు ఉంటుంది గనుక కాఫీ లోటు కూడా అంతగా తెలియదు. శనివారం, ఆదివారం రెండు ఉదయాలు ఒకే చెరువు దగ్గర గడిపిన విద్యార్థి, కొండలకు పోయి వచ్చినవానికంటె ఎక్కువ జంతుశాస్త్రం నేర్చుకొనే అవకాశం ఉన్నది. అయితే చెరువులో ఏ భాగాన్ని చూడవలెనో ముందుగా తెలిసి ఉండవలె.

కొత్తగా చూడవచ్చినవారు కట్టమీద నిలబడి, నీరు లోతుగా, నిండుగా ఉన్న వైపు చూస్తారు. అక్కడ నాలుగు నీటికాకులు, ఒకటి రెండు మునుగుడు కోళ్ళు తప్ప మరేమీ కనిపించవు. పక్షులు ఎక్కువగా ఉండేది దానికి ఎదురు వైపున. చెరువుకు ఒక ప్రక్క కట్ట ఉంటే, మిగతా ప్రక్కల నేల మెల్లగా వాలుతూ పైకి పోతుంది. కట్ట దగ్గర లోతు ఎక్కువ. ఎగువకు పోయినకొద్దీ లోతు తగ్గి, చివరకు చీలమండ కూడా మునగని పలుచని పొరగా మారుతుంది. నిండినప్పుడు నీటి అడుగున ఉండి, నీరు తగ్గినప్పుడు బయటపడే ఈ నేలనే తెలంగాణంలో శిఖం అంటారు. రెవెన్యూ దస్తావేజులలో శిఖం అంటే ఒక రకం ప్రభుత్వ భూమి మాత్రమే. నీటిపక్షులకు అది వంటిల్లు, భోజనశాల కూడాను.

దీని వైశాల్యాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చును. 200 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున వాలిన శిఖం ఉన్నదనుకుందాం. తూము ద్వారా పొలాలకు పారి, ఎండకు ఆవిరి అయి, నీటిమట్టం 10 సెంటీమీటర్లు దిగినది. అప్పుడు నీటి అంచు 20 మీటర్లు వెనుకకు జరుగుతుంది. ఆ అంచు పొడవు ఒక కిలోమీటరు అయితే, కొత్తగా బయటపడిన బురద 20,000 చదరపు మీటర్లు, అనగా దాదాపు ఐదు ఎకరాలు. చెరువు ఏటవాలుగా, మీటరుకు అర మీటరు చొప్పున దిగిపోతే అదే 10 సెంటీమీటర్లకు బయటపడేది 20 సెంటీమీటర్ల పట్టీ మాత్రమే. కిలోమీటరు పొడవున లెక్కించినా రెండు గుంటలకు మించదు. దిగిన నీటిమట్టం రెండు చోట్లా ఒకటే అయినా పక్షికి దొరికే నేలలో తేడా నూరు రెట్లు. ఈ లెక్కను గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయే విషయం సులభంగా బోధపడుతుంది.

ఆ బురదలో ఏమున్నది? నెలల తరబడి నీటి అడుగున కుళ్ళిన ఆకు, గడ్డి, పశువుల పేడ. వాటిని తిని బ్రతికే ఎర్రని సన్నని డింభకాలు, వానపాములకు చుట్టాలైన చిన్న పురుగులు, నత్తలు, గడ్డి విత్తనాలు. వరికోత అయిన తరువాత శిఖంలో మేసే బర్రెలు ఒక ప్రక్క గడ్డి తగ్గిస్తవి, మరొక ప్రక్క పేడ వేస్తవి, గిట్టలతో నేల తొక్కి చిన్నచిన్న గుంటలు చేస్తవి. ఆ గుంటలలో నీరు నిలిచి చేపపిల్లలు చిక్కుకుంటవి. గొడ్ల వెంట నడిచే తెల్లకొంగ, అవి కదిలినప్పుడు ఎగిరే మిడతలను పట్టుకొనడం అందరూ చూచినదే.

ఇక పక్షులు ఈ శిఖంలో అడ్డదిడ్డంగా నిలబడవు. శ్రద్ధగా చూస్తే, తరగతిలో పొట్టివారు ముందు వరుసలో, పొడుగువారు వెనుక వరుసలో కూర్చున్నట్లు, కాలి పొడవును బట్టి వరుసలు తీరి ఉంటవి. తడిబురద మీద, నీరు ఇంకా తగలని చోట పిచ్చుక అంతటి చిన్న ఉల్లంకులు పరుగులు తీస్తూ ఉంటవి. వ్రేలి లోతు నీటిలో కొంచెం పెద్దవి. జానెడు లోతులో పొడుగుకాళ్ళ ఉల్లంకి. దీని కాళ్ళు గులాబీ రంగు పుల్లలవలె ఉంటవి. శరీరపు పరిమాణంతో పోలిస్తే ఇంత పొడుగు కాళ్ళు గల పక్షులు లోకంలో అరుదు. ఆ తరువాత తెల్లకొంగలు, నారాయణ పక్షి, ఎర్రకాళ్ళ కొంగ. అక్కడినుంచి కాళ్ళు పనిచేయవు, ఈదవలసిందే. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులు, చిలువలు కొంతదూరం, బొల్లికోళ్ళు మరికొంత దూరం, చివరకు పూర్తిగా మునిగి చేపలను తరిమి పట్టే నీటికాకులు. చేతిలో పుస్తకం లేకపోయినా, పక్షి నిలబడిన చోటును బట్టి నీటి లోతును ఊహించవచ్చును.

కాలి పొడవుతో పాటు ముక్కు పొడవు కూడా ఒక ఏర్పాటే. ఒకే బురదలో పొట్టిముక్కు పక్షి పైపొరలోని పురుగును, నడితరపు ముక్కు గలది దానికింది పొరను, బారెడు ముక్కు గలది అడుగు పొరను వెదకుతవి. ఒకే ఇంటిలో మూడు అంతస్తులవలె ముగ్గురూ పోట్లాడుకోకుండా కాపురం చేస్తారు. ఎర్రకాళ్ళ కొంగ అయితే చూపుతో వేటాడదు. ముక్కును కొంచెం తెరచి నీటిలో ఉంచి, కాలితో బురదను కలియబెడుతుంది. కదిలిన చేప ముక్కుకు తగలగానే టక్కున మూసుకుంటుంది. కలకనీటిలో కన్నుకంటె స్పర్శ మేలు గదా!

ఈ వరుసలలో అన్నిటికంటె ఆసక్తి కలిగించేది నత్తగొట్టు కొంగ. దీని రెండు దవడలూ మొదట, చివర కలుస్తవి గాని నడుమ కలవవు. ముక్కు మూసినా మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. వరిమళ్ళలోను, చెరువులలోను ఉండే పెద్ద నత్త దీనికి ముఖ్యాహారం. నత్త గట్టి చిప్ప లోపల ఉంటుంది, పైగా మూతకూడా వేసుకుంటుంది. దానిని కొంగ బయటకు ఎట్లా లాగుతుంది? ముక్కు నడుమ ఉన్న సందు అడకత్తెరవంటిదని, నత్తను అందులో పెట్టి నొక్కుతుందని ఎవరికైనా తోస్తుంది. సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్‌లీ కూడా వస్తుప్రదర్శనశాలలోని ముక్కులను, చిప్పలను పరీక్షించి అట్లాగే నిర్ణయించినాడు. ముక్కు అంచులు గరుకుగా ఉండడం అందుకు సాక్ష్యంగా కనబడినది.

తరువాతివారు బ్రతికిన పక్షులను చూచిన మీదట ఈ అభిప్రాయం నిలువలేదు. కొంగ పిల్లలకు ముక్కులో సందు ఉండదు, వయస్సుతో అది ఏర్పడుతుంది. సందులేని పిల్లలు కూడా నత్తలను తినగలవు. కొంగ ముక్కు కొననే నత్త మూత సందున దూర్చి, లోపలి కండరాన్ని తెంచి, మెత్తని శరీరాన్ని బయటకు లాగుతుంది. చిప్ప చాలాసార్లు పగలకుండానే మిగులుతుంది. గరుకు అంచులు జారే చిప్పను పట్టుకొనడానికి సహాయపడవచ్చునని, సందువల్ల ముక్కు కొనలు మరింత బలంగా పనిచేయవచ్చునని ఇప్పుడు భావిస్తున్నారు. చాలా సంవత్సరాలకు ముందే, మద్రాసు సైన్యంలో వైద్యుడై నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఈ కొంగ కళ్ళకు గంతలు కట్టినా నత్తను తీసి తినగలదని వ్రాసి ఉన్నాడు. శిఖంలో పడి ఉన్న ఖాళీ నత్తచిప్పలను ఏరి, పగిలినవి ఎన్ని, పగలనివి ఎన్ని అని విద్యార్థులే లెక్కించవచ్చును. ఇందుకు ఖర్చు ఏమీ లేదు. అయితే నత్తలను తినే జంతువులు ఇతరములు కూడా ఉన్నవి గనుక, కొంగలు మేసిన చోట వెంటనే ఏరిన చిప్పలకే విలువ.

వానాకాలంలో చెరువు నిండి మత్తడి దూకేటప్పుడు ఈ విందు అంతా నీటి అడుగున ఉంటుంది. నవంబరు నుంచి నీరు తగ్గనారంభిస్తుంది. సరిగ్గా అదే కాలానికి ఉత్తరాన మంచు పడి నేల గడ్డకడుతుంది. రష్యా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టిన చిన్న ఉల్లంకులు, మధ్య ఆసియా బాతులు దక్షిణానికి దిగివస్తవి. సుమారు 30 గ్రాముల బరువు గల ఉల్లంకి ధ్రువప్రాంతం నుంచి దక్కను చెరువు వరకు వచ్చి, వేసవికి ముందు మళ్ళీ అంతదూరం పోవలె. చారల తల బాతు హిమాలయాలను దాటి వస్తుంది; పరిశోధకులు దాని వీపున చిన్న యంత్రం కట్టి చూచినప్పుడు ఏడువేల మీటర్లకు పైన ఎగిరినట్లు తేలినది. తిరుగుప్రయాణానికి కావలసిన కొవ్వు ఈ శిఖాలలోనే కూడబెట్టుకొనవలె. ఎగువ అంచు ఎండుతూ, దిగువ అంచు కొత్తగా బయటపడుతూ ఉంటేనే ప్రతి వారం తాజా బురద దొరుకుతుంది. అనగా పక్షికి కావలసినది నిండిన చెరువు కాదు, ఎండిన చెరువు కూడా కాదు. మెల్లగా తగ్గే చెరువు.

మూడు జిల్లాలలోను చెరువు ఒకే తీరున ఉండదు. జనగామ వర్షం తక్కువైన మెట్ట. గుండ్రని రాతిగుట్టలు, వాటి నడుమ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీరు క్రింది చెరువుకు పోయే ఏర్పాటు ఇది. ఇక్కడ చెరువుతో పాటు చుట్టూ ఉన్న చెలకను కూడా చూడవలె: తీగెమీద పాలపిట్ట, రాళ్ళ మధ్య గుడ్లు పెట్టే తీతువు, గుట్టల సందులలో కొమ్ముల గుడ్లగూబ. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు దానిని చూడడానికి ఊరి బయటకు పోవడం ఆచారం. దేశమంతటా వేలమంది పరిశీలకులు వ్రాసి ఉంచిన లెక్కలతో 942 జాతుల స్థితిని పరిశీలించి 2023లో ప్రకటించిన నివేదికలో, 30 శాతం గాని అంతకు మించి గాని తగ్గిన జాతులుగా ప్రత్యేకంగా పేర్కొన్న పధ్నాలుగింటిలో పాలపిట్ట ఒకటి. పండుగనాడు వెదకవలసి రావడం భక్తికి పరీక్షే కాదు, ఒక సమాచారం కూడా.

మహబూబాబాదును జనులు మానుకోట అని పిలుస్తారు. ఇక్కడ అడవి దగ్గర. పాకాల చెరువు వరంగల్లు జిల్లాలో ఉన్నా, దాని చుట్టూ ఉన్న అభయారణ్యం ఈ జిల్లా లోనికి కూడా వ్యాపించి ఉన్నది. అక్కడినుంచి బయలుదేరే నీరే మున్నేరు. గణపతిదేవుని కాలంలో, పదమూడవ శతాబ్ది మొదట, చిన్న గుట్టల నడుమ కట్ట వేసి నిర్మించిన ఈ చెరువు నిండితే సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టుపట్ల అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించినారు. విద్యార్థులకు ఇంతకంటె అనువైనది బయ్యారం చెరువు. దీనిని గణపతిదేవుని చెల్లెలు మైలాంబ త్రవ్వించినది. ఆ సందర్భంలో వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్యాధారాలలో ఒకటి. చరిత్ర ఉపాధ్యాయుడు, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు కలిసి ఒకే బండిలో పిల్లలను తీసుకొనిపోదగిన చోటు అది.

భూపాలపల్లి జిల్లాలో ఘనపురం దగ్గర గణపసముద్రం ఉన్నది. (జనగామ జిల్లాలోని స్టేషన్ ఘనపురం వేరు, బస్సు ఎక్కేముందు అడిగి ఎక్కడం మంచిది.) కోటగుళ్ళు చూడవచ్చినవారు చెరువును కూడా చూడవచ్చును. అడవి అంచు చెరువులలో మేసే పక్షులకు తోడు చెట్లమీద కాచుకొని ఉండేవి ఎక్కువ. నీట మునిగి నిలిచిన మోడుల మీద నీటికాకులు, పాముమెడ పక్షులు రెక్కలు చాచి కూర్చుంటవి. బాతు ఈకవలె వాటి ఈక నీటిని పూర్తిగా విదల్చదు. తడిసి బరువెక్కడం వల్ల మునగడం సులభమవుతుంది గాని, పైకి వచ్చిన తరువాత ఆరబెట్టుకొనక తప్పదు. జిల్లాకు ఉత్తరపు అంచున గోదావరి. కాళేశ్వరానికి ఎదుట ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. పందొమ్మిదవ శతాబ్దిలో భూగర్భ పరిశోధనకు వచ్చిన బ్లాన్‌ఫర్డ్ ఈ సిరోంచ, భద్రాచలం ప్రాంతాలలో కలివికోడిని నమోదు చేసినాడు. 1900 తరువాత ఆ పక్షి కంటబడక అంతరించినదనే అందరూ తలచినారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి కనబడినది. ఒక స్థానిక వేటగాని సాయం లేకుంటే అది దొరికేది కాదు. గోదావరి ఒడ్డున మాత్రం దాని జాడ మళ్ళీ దొరకలేదు. అది నీటిపక్షి కాదు, ముళ్ళపొదల పక్షి. అయినా ఈ ప్రాంతంలో పక్షి పేరు కాగితం మీద ఉండడం ఎంత అవసరమో దానివల్ల తెలుస్తుంది: బ్లాన్‌ఫర్డ్ వ్రాసి ఉంచకపోతే అది ఇక్కడ ఉండినదనే సంగతి కూడా మనకు తెలిసి ఉండేది కాదు.

ఇప్పుడు లెక్క దగ్గరకు మళ్ళీ రావలె. ఈ పదిహేను, ఇరవై సంవత్సరాలలో ఈ జిల్లాల చెరువుల నీటి తీరు మారినది. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని జనగామ మెట్టకు తెచ్చినది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమంలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి, పూడిక తీసి, ఆ మట్టిని పొలాలకు తోలినారు. బోరుబావులు ఎండి, రైతు వలసపోయిన సీమలో నీరు రావడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు; పూడిక తీయడం కాకతీయుల నాటినుంచి ఉన్న మంచి పనియే. కాని పనిచేసే తీరులో రెండు రకాలు ఉన్నవి. వాలు చెడకుండా పలుచగా పొర తీయడం ఒకటి. యంత్రాలతో ఒడ్డుదాకా గోతులు త్రవ్వడం మరొకటి. రెండవదానిలో శిఖం గోడగా మారుతుంది. ఐదు ఎకరాలు రెండు గుంటలైన పైలెక్క ఇక్కడ నిజమవుతుంది. అట్లాగే ఎత్తిపోతల నీటితో జనవరిలో కూడా చెరువును మత్తడి దాకా నింపి ఉంచితే, వలస ఉల్లంకి వచ్చేసరికి దాని భోజనం మీటరు లోతున ఉంటుంది. చెరువు కన్నుల పండువుగా కనబడుతుంది, నీటికాకులు పెరుగుతవి, కాలితో నడిచే పక్షులు మాత్రం ఉండవు. దారినపోయేవారికి పక్షులు ఉన్నట్లే తోస్తుంది.

ఎత్తిపోతల నీరు వచ్చే గొలుసుకట్టులో అన్ని చెరువులను ఒకేసారి నింపవలసిన అవసరం ఉండదు. ఒకదానిని ముందు వాడుకొని తగ్గనిచ్చి, మరొకదానిని నిలువ ఉంచితే ఆయకట్టుకు నష్టం లేకుండానే ఏదో ఒకచోట శిఖం తెరచి ఉంటుంది. పూడిక తీసేటప్పుడు ఎగువ అంచును ముట్టకుండా నడిమి భాగంలోనే తీస్తే సరిపోతుంది. ఏ చెరువులో ఏ పక్షులు ఎన్ని ఉన్నవో లెక్క చేతిలో ఉన్నప్పుడే ఈ మాట పంచాయతీలో చెప్పడానికి బలం వస్తుంది. ఆ లెక్క వేయడానికే రెండు రోజులు.

శనివారం ఒక్కరోజు ఎందుకు చాలదు? ఏ కొలతనైనా రెండుసార్లు తీయడం ప్రయోగశాల నియమం. శనివారం పొడుగుకాళ్ళ ఉల్లంకులు 212, ఆదివారం అదే వేళకు, అదే చోటినుంచి 188 వచ్చినవనుకుందాం. ఒక్క రాత్రిలో 24 పక్షులు చచ్చిపోలేదు. కొన్ని గడ్డి చాటున ఉండవచ్చు, కొన్ని పక్క చెరువుకు పోయి ఉండవచ్చు. సగటు 200, లెక్కలో పన్నెండు అటూ ఇటూ కావడం సహజమని దీనివల్ల అంచనా దొరుకుతుంది. వచ్చే ఏడు అదే వారంలో 190 వస్తే తగ్గినవని అనరాదు. 60 వస్తే మాత్రం నీరడిని వెదకిపట్టుకొని చెరువుకు ఏమైనదని అడుగవలె.

ఉదయం సూర్యోదయం నుంచి తొమ్మిది వరకు పక్షులు మేతలో ఉంటవి. ఎండ కళ్ళలో పడకుండా, సూర్యుడు వీపు వైపు ఉండేటట్లు నిలబడవలె. ఎనిమిది రెట్లు పెద్దవిగా చూపే మామూలు దుర్భిణి చాలు. పదిమందికి ఒకటి ఉన్నా పని జరుగుతుంది. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే అవి కదిలి తికమక అవుతుంది. పది పక్షులను లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమించినవో కంటితో కొలిచి, గుంపులో అటువంటి మేరలు ఎన్ని ఉన్నవో చూచి హెచ్చించడం పరిశీలకుల పద్ధతి. లేపి ఎగురగొట్టి లెక్కించడం సులభమేగాని, ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకొనే ప్రాణిని మేతనుంచి లేపడం అన్యాయం. నీటి అంచున అంగుళాల గుర్తులు పెట్టిన కర్ర ఒకటి పాతితే నీటిమట్టం ఎంత దిగినదో ప్రతి వారం తెలుస్తుంది. ఇది పెద్దవారి సమక్షంలోనే చేయవలె. శిఖం బురద కొన్నిచోట్ల నడుములోతు దిగబడుతుంది.

తొమ్మిది దాటిన తరువాత ఎండ ముదిరి పక్షులు నిద్రకు ఒరుగుతవి. పరిశీలకులు చాయ్ హోటలుకు చేరవలసిన వేళ అది. దీనిని కాలక్షేపం అనుకోరాదు. చెరువు నీళ్ళు ఎప్పుడు వచ్చినవి, తూము ఎప్పుడు ఎత్తినారు, ఏ సంవత్సరం నుంచి ఏ పిట్ట రావడం మానినది, ఇవి ఏ గ్రంథంలోను దొరకవు. చేపలు పట్టేవారికి, గొర్రెలకాపరికి, నీరడికి తెలుసు. పేర్లు కూడా అక్కడే దొరుకుతవి. జెర్డన్ 1862, 1864 నడుమ ప్రకటించిన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు ఎన్నో చేర్చినాడు; అవి జనుల నోటినుంచి విని వ్రాసుకొన్నవే. ఒక పిట్టకు ఊరికొక పేరు ఉండవచ్చు గనుక, పేరుతో పాటు ఊరిని కూడా వ్రాసుకొనవలె. పేరు వెనుక ఒక్కొక్కప్పుడు తప్పు ఊహ కూడా ఉంటుంది. బురదరంగులో ఒదిగి కూర్చునే కొంగను గుడ్డికొంగ అంటారు. మనిషి చేరువకు వచ్చేదాకా కదలదు గనుక కళ్ళు లేవనుకొన్నారు. అది తన రంగును నమ్ముకొని కదలక కూర్చుంటుంది గాని, దాని చూపుకు లోటు లేదు. లేచినప్పుడు తెల్లని రెక్కలు మెరసి, ఇంతసేపూ అక్కడే ఉన్నదా అని చూచేవాడే తెల్లబోతాడు.

ఆసియా ఖండమంతటా నీటిపక్షుల లెక్క ఒకటి ప్రతి జనవరిలో జరుగుతుంది. భారతదేశంలో ఇది 1987 నుంచి సాగుతున్నది. అందులో పాల్గొనేవారు ఎక్కువమంది ఉద్యోగరీత్యా పక్షిశాస్త్రజ్ఞులు కారు. పాఠశాల తన ఊరి చెరువును ఎన్నుకొని ప్రతి సంవత్సరం అదే వారాంతంలో లెక్కించి పంపవచ్చును. పట్టికలో తేదీ, వేళ, నిలబడిన చోటు, కర్రమీద నీటి గుర్తు, తూము తెరచి ఉన్నదా లేదా అనేవి పక్షుల పేర్లకంటె ముందు వ్రాయవలె. చిన్న ఉల్లంకి కోసం వెదకి, అది ఒక్కటీ కనబడకపోతే ఆ గడిలో సున్న చుట్టవలె. గడి ఖాళీగా వదిలితే, అది చెరువులో లేదో, పిల్లలు ఆ వైపు చూడనే లేదో, పది సంవత్సరాల తరువాత పట్టిక తీసినవారికి తెలియదు.